బొమ్మల దిగుమతికి టారిఫ్ కోడ్ చూసిపెట్టే సర్వీసు: నెల్లూరు కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసు రివ్యూ

లోపాలు కూడా రాస్తున్నాం కాబట్టి, దిగుమతిదారుల తరపున కస్టమ్స్ పని చూసిపెట్టే ఈ ఆఫీసు పేరు రాయడం లేదు. నెల్లూరు ట్రంక్ రోడ్డు పక్క సందులో ఉంటుంది. చిన్నబజార్, స్టోన్‌హౌస్‌పేట, ఒంగోలు హోల్‌సేల్ కొట్ల వాళ్లు చైనా నుంచి నేరుగానో, నలుగురు కలిసి ఒక కంటైనర్‌లోనో బొమ్మలు తెప్పించుకునేటప్పుడు ఇక్కడికి వస్తారు. కృష్ణపట్నం పక్కనే ఉన్నా ఈ సరుకు ఎక్కువగా చెన్నై వైపే దిగుతుంది. ఆర్డర్ పెట్టకముందే ఐటమ్ లిస్టు, ఫొటోలు, వీలైతే శాంపిల్ పంపితే, ఒక్కో ఐటమ్‌కి ఎనిమిదంకెల టారిఫ్ కోడ్ (ఆ వస్తువును ఏ రకం కింద లెక్కించి సుంకం వేయాలో చెప్పే నంబర్), సుంకం, ఆ కోడే ఎందుకు అన్న కారణం రాసి షీట్ ఇస్తారు. కోడ్ చూడటంలో పని బాగుంది. బీఐఎస్ (ఐఎస్ఐ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) విషయం మాత్రం వీళ్ల మీద వదిలేయకండి.

బొమ్మలకు కోడ్ మీద ఇంత పట్టింపు ఎందుకంటే బొమ్మలు పడే 9503 కోడ్ కింద సుంకం అంత బరువు. 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి, 2023లో 60 నుంచి 70కి పెంచారు. దాని పైన ఐజీఎస్టీ (దిగుమతి మీద కట్టే జీఎస్టీ). 2025 సెప్టెంబర్ 22 నుంచి మామూలు బొమ్మలకు 5 శాతం, ఎలక్ట్రానిక్ బొమ్మలకు 18 శాతం. లక్ష రూపాయల విలువైన సరుకు అనుకోండి. ప్రాథమిక సుంకం 70,000. ఐజీఎస్టీ లెక్క కట్టేది లక్ష మీద కాదు, 1,70,000 మీద. మామూలు బొమ్మలైతే 8,500, ఎలక్ట్రానిక్ అయితే 30,600. రెంటికీ తేడా 22,100. రెగ్యులర్ జీఎస్టీ ఉన్నవాళ్లకు ఈ ఐజీఎస్టీ క్రెడిట్‌గా తిరిగొస్తుంది, కాంపోజిషన్ (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద స్థిర శాతం కట్టే పద్ధతి) వాళ్లకు రాదు. 70,000 మాత్రం ఎవరికీ తిరిగి రాదు. షీట్‌లో ఈ మూడు ముక్కలూ విడివిడిగా చూపిస్తారు, అది మెచ్చుకోవాలి. చాలా చోట్ల అన్నీ కలిపి ఒక్క శాతం చెప్పి పంపేస్తారు.

"అన్నా, ఇన్వాయిస్‌లో ఉన్న కోడే వేసేయ్" అంటే ఒప్పుకోరు. అదీ సరైన పద్ధతే. మొదటి ఆరంకెలే ప్రపంచమంతా ఒకటి. ఆ తర్వాతి అంకెలు ఏ దేశానివి ఆ దేశానివే, చైనా వాళ్ల చివరి అంకెలతో మనకు పని లేదు. పైగా సప్లయర్ ప్రతిదానికీ 9503 రాసేస్తాడు. అందులో సగం అక్కడివి కావు.

శాంపిల్ షీట్‌లో వీళ్ల నేర్పు బాగా కనిపించేది ఇక్కడే. పిల్లలు తొక్కే మూడు చక్రాల బండి 9503, అదే రెండు చక్రాల సైకిల్ అయితే ఎంత చిన్నదైనా 8712. మాడలింగ్ క్లే పిల్లల కోసమే ప్యాక్ చేసినా 3407. బొమ్మల పుస్తకం, రంగులు వేసుకునే పుస్తకం 4903. క్రేయాన్లు 9609. లూడో లాంటి బోర్డు ఆటలు 9504. ఆటకని చేసిన ప్లాస్టిక్ క్రికెట్ బ్యాట్ మాత్రం స్పోర్ట్స్ సామాను కిందికి పోదు, 9503లోనే ఉంటుంది. కుక్క కొరుక్కునే రబ్బరు ఎముక పిల్లల బొమ్మలాగే కనిపిస్తుంది కానీ, జంతువుల కోసమే చేసినవాటిని టారిఫ్ 95వ అధ్యాయం (బొమ్మలు, ఆటసామాను) నోట్ 5 అనే నియమం 9503 నుంచి బయటికి నెడుతుంది. నాలుగు ప్రొపెల్లర్లున్న ఎగిరే బొమ్మకు కెమెరా ఉందా, ఎంత దూరం పోతుంది, బరువెంత అని అడిగి మరీ రాస్తారు. వినోదానికి మాత్రమే చేసిన ఎగిరే బొమ్మ 9503, లేదంటే 8806 డ్రోన్. తయారైన డ్రోన్ల దిగుమతి మీద 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది కాబట్టి, అక్కడ తప్పు రాస్తే సుంకం తేడాతో పోదు, సరుకే ఆగిపోతుంది.

సెట్ల దగ్గర కొంచెం తొందరపడతారు. క్లే, అచ్చులు, చిన్న రోలర్ ఒకే డబ్బాలో వస్తే క్లే ఉంది కదా అని 3407 రాసేశారు. రిటైల్ ప్యాక్‌లో కలిపి అమ్మేదైతే, ఆ మొత్తానికి బొమ్మ స్వభావం ఉందా అని అదే అధ్యాయం నోట్ 4 కింద చూడాలి. డబ్బా మీద బొమ్మ వంటగది ఉండి, లోపల అచ్చులే ఎక్కువైతే అప్రైజర్ (కోడ్, విలువ సరిచూసే కస్టమ్స్ అధికారి) 9503కే తిప్పుతాడు. ఇలాంటివాటికి ఫొటో చాలదు, డబ్బా విప్పి చూపించాలి.

విడిభాగాల విషయంలో ఖచ్చితంగా ఉంటారు. ఎలక్ట్రానిక్ బొమ్మల పార్టులకు 9503 00 91 కింద 70 శాతం లేదు, బాగా తక్కువ. దాంతో బొమ్మను నాలుగు ముక్కలు చేసి "పార్టులు" అని తెప్పించే ఆలోచన చాలామందికి వస్తుంది. విప్పి పంపినా పూర్తి బొమ్మ లక్షణం ఉంటే పూర్తి బొమ్మ కిందే లెక్క అని సాధారణ వివరణ నియమాల్లో 2(ఎ) చెబుతుంది. అలాంటి బిల్లు (బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) వీళ్లు వేయరు. మోటారు విడిగా వస్తే 8501, రేడియో రిమోట్ విడిగా వస్తే 8526 అని కూడా ముందే చెబుతారు.

ఇక పెద్ద లోపం. షీట్‌లో బీఐఎస్ కాలమ్ లేదు. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. కోడ్ 9503 కాకపోయినా, పిల్లలు ఆడుకోవడానికి చేసిన వస్తువైతే ఆ ఉత్తర్వు తగులుతుంది. లైసెన్సు వ్యాపారికి ఇవ్వరు, విదేశంలోని ఫ్యాక్టరీకి, ఆ చిరునామాకు ఇస్తారు. ఇన్వాయిస్ ట్రేడింగ్ కంపెనీ పేరు మీద, మార్కు ఇంకో ఫ్యాక్టరీది అయితే ప్రశ్న వస్తుంది. సీఎం/ఎల్ (బీఐఎస్ లైసెన్సు) నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, చిరునామా కూడా సరిచూసుకోండి. ఇంకో చిక్కు: బీఐఎస్ దృష్టిలో కరెంటుతో ఒక్క పని చేసినా ఎలక్ట్రిక్ బొమ్మే, దానికి ఐఎస్ 15644. మిగతావాటికి ఐఎస్ 9873. టారిఫ్‌లోనూ జీఎస్టీలోనూ ఉన్న మాట "ఎలక్ట్రానిక్". బ్యాటరీ, మోటారు తప్ప సర్క్యూట్ లేని కారు దగ్గర ఈ రెండూ ఒకటేనా అన్న వాదన లేస్తుంది. షీట్‌లో దానికి కారణం రాయకుండా "ఎలక్ట్రానిక్" అని ఒక్క మాటతో సరిపెట్టారు. ప్రతి కన్‌సైన్‌మెంట్ నుంచి శాంపిల్ తీసి ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న టెస్టింగ్ ల్యాబ్‌కు పంపుతారనీ, ఫెయిలైతే సరుకు వెనక్కి పంపడమో నాశనం చేయడమో మీ ఖర్చుతోనే అనీ ఎక్కడా రాయలేదు. దసరా, సంక్రాంతి సరుకు తెప్పించేవాళ్లకు టెస్టు రిపోర్టు వచ్చేదాకా అమ్మకం ఉండదని ముందే తెలియాలి.

బిల్లు వేసే పనిలో చెక్‌లిస్ట్ (బిల్లు డ్రాఫ్ట్) ముందుగా వాట్సాప్‌లో పంపి, మీరు సరే అన్నాకే ఫైల్ చేస్తారు. అప్పుడు బ్రాండ్, మోడల్, పరిమాణం, యూనిట్ లైన్ లైన్‌కీ చదవండి. "ప్లాస్టిక్ టాయ్స్ అసార్టెడ్" అని ఒకే వరుస ఉంటే వెనక్కి పంపండి, క్వెరీ (కస్టమ్స్ అడిగే ప్రశ్న) వచ్చేది దానికే. ఓడ వచ్చే రోజుకు ముందు రోజు లోపల బిల్ ఆఫ్ ఎంట్రీ పడకపోతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆ తర్వాత రోజుకు 10,000 లేట్ ఛార్జీ. క్వెరీలో నలిగితే డెమరేజ్ (సరుకు పోర్టులో నిలిచినందుకు), కంటైనర్ డిటెన్షన్ (కంటైనర్ తిరిగివ్వడం ఆలస్యమైనందుకు) ఛార్జీలు విడిగా పెరుగుతాయి. నెల్లూరులో కూర్చునే మనిషి లైసెన్సుదారుడు కాడు, చెన్నై లైసెన్సు తరపున పనిచేస్తాడు. అది తప్పేం కాదు. కానీ సంతకం పెట్టేవాడికి కస్టమ్స్ ఇచ్చిన గుర్తింపు కార్డు, అంటే జీ కార్డో, ఎఫ్ కార్డో చూసి, ఆథరైజేషన్ లెటర్ ఎవరి పేరు మీద ఇస్తున్నారో తెలుసుకుని ఇవ్వండి.

ఒకే ఐటమ్ ఏటా పెద్ద మొత్తంలో తెప్పించేవాళ్లకు ఈ షీట్ చాలదు. కోడ్ మీద నిజంగా సందేహం ఉంటే కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీకి (దిగుమతికి ముందే కోడ్ తేల్చి చెప్పే సంస్థ) 10,000 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. మూడు నెలల్లో తీర్పు రావాలి. చట్టమో, వాస్తవాలో మారితే తప్ప అది కొన్నేళ్లు చెల్లుతుంది, అడిగినవాళ్లకూ కస్టమ్స్‌కూ కట్టుబాటే. ఈ దారి గురించి ఆఫీసు వాళ్లు తమంతట తాము చెప్పరు, అడిగితే చెబుతారు.

షీట్‌కు ఐటమ్ లెక్కన డబ్బు తీసుకుంటారు. రంగు, సైజు మాత్రమే మారిన మోడళ్లను ఒకే ఐటమ్‌గా కలిపి ఇవ్వండి. శాంపిల్‌తో పాటు డబ్బా ఫొటో, బ్యాటరీ వివరం, లోపలి సర్క్యూట్ ఫొటో, ఏ వయసు పిల్లలకో రాసిన స్టిక్కర్ పంపండి. జనవరిలో తీసుకున్న షీట్‌ను ఫిబ్రవరి బడ్జెట్ తర్వాత వాడొద్దు, రేట్ల వరకు మళ్లీ రాయించుకోండి. ఆర్డర్ పెట్టిన రోజు రేటు వర్తించదు. బిల్లు వేసిన రోజు రేటు పడుతుంది. ఓడకంటే ముందే బిల్లు వేస్తే, సరుకు దించడానికి కస్టమ్స్ ఓడకు ఎంట్రీ ఇచ్చిన రోజు రేటు పడుతుంది.