పప్పు గిన్నెలు, గ్రే ట్యాంకు: టెక్సస్ పాన్‌హ్యాండిల్‌లో ఆర్వీ మజిలీలు

ఆర్వీ, అంటే పడకా వంటిల్లూ బాత్రూమూ అన్నీ లోపలే ఉండే బండి, అద్దెకు తీసుకునేటప్పుడు మనవాళ్ళు పడకలెన్ని, టీవీ ఉందా అని చూస్తారు. నన్నడిగితే ముందు అడగాల్సింది గ్రే ట్యాంకు ఎంత పెద్దదని. సింకులో, షవర్‌లో వాడిన నీళ్ళన్నీ చేరేది దాంట్లోకే. క్లాస్ సి అనే మామూలు మధ్యరకం బండిలో అది 30, 40 గ్యాలన్లు పడుతుంది, అంతే. శాండ్‌విచ్ తిని పేపరు ప్లేటు పారేసేవాళ్ళకు అది చాలా రోజులే వస్తుంది. నలుగురికి రెండు పూటలా అన్నం, పప్పు, వేపుడు వండే ఇంట్లో అలా కుదరదు. బియ్యం కడుగు, జిడ్డు మూకుడు కడిగిన నీళ్ళు అన్నీ కలిసి రెండో రోజు సాయంత్రానికే షవర్ అడుగున పైకి తంతాయి. అందుకే మా మజిలీలను నీళ్ళు ఎక్కడ పట్టుకోవచ్చు, ఎక్కడ వదలొచ్చు అన్నదాన్ని బట్టే ఎంచుకున్నాం. వ్యూ సంగతి ఆ తర్వాతే.

నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ హడావిడి సద్దుమణిగాక, గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలతో డాలస్ నుంచి వాయవ్యంగా, టెక్సస్ ఉత్తరపు కొసన ఉన్న పాన్‌హ్యాండిల్ వైపు బయల్దేరాం. ఆ రోజుల్లో పార్కుల్లో జనం ఉండరు. వారాంతం కాకపోతే ఏ సైటు (బండి నిలుపుకునే చోటు) కావాలంటే అది దొరుకుతుంది. టెక్సస్ స్టేట్ పార్క్స్ పాస్ తీసుకుంటే ఏడాది పొడుగునా బండిలో ఉన్నవాళ్ళెవరికీ ఎంట్రీ ఫీజు ఉండదు, సైటు అద్దె మాత్రం విడిగా కట్టాలి.

మొదటి మజిలీ కాపర్ బ్రేక్స్. క్వానా, క్రోవెల్ అనే రెండు చిన్న ఊళ్ళ మధ్య ఉంటుంది. పగలు చూడ్డానికి ఎర్రమట్టి దిబ్బలు, చిన్న చెరువు, లాంగ్‌హార్న్ ఆవులు, అంతకు మించి ఏమీ లేవు. కానీ అది డార్క్ స్కై పార్కు, అంటే లైట్ల వెలుగు లేక చుక్కలు బాగా కనిపించే చోటు. రాత్రి ఎనిమిదింటికి నాన్న శాలువా కప్పుకుని బయట నిలబడి, పిల్లలకోడి చుక్కల గుంపు ఎక్కడుందో మాకు చూపించారు. ఒక్క రాత్రికి చాలా బాగుంటుంది, రెండో రాత్రి మాత్రం బోరు కొడుతుంది.

కరెంటు సంగతి మాకు అర్థమైంది కూడా అక్కడే. 30 ఆంపుల కనెక్షన్ అంటే మొత్తం 3,600 వాట్లు. చలికి పెట్టిన చిన్న హీటరే 1,500 లాగేస్తుంది. దానికి తోడు ఎలక్ట్రిక్ కుక్కరు ఒక వెయ్యి, మైక్రోవేవ్ ఇంకో వెయ్యికి పైన, వెంటనే బ్రేకర్ పడిపోతుంది. అన్నం ఉడికేదాకా హీటరు ఆపండి, లేదా ప్రొపేన్‌తో నడిచే ఫర్నేస్ వేసుకోండి. తాలింపు పెట్టే ముందు పైన ఫ్యాను వేసి కిటికీ తెరవడం మరవొద్దు. ఎండుమిర్చి ఘాటు తగిలితే స్మోక్ అలారం చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది.

తర్వాత ఒక రాత్రి ఇంటర్‌స్టేట్ హైవే పక్కన ఒక ప్రైవేటు ఆర్వీ పార్కులో ఆగాం. స్టేట్ పార్కు సైటుకు అయ్యేదానికి రెట్టింపు తీసుకున్నారు. పక్కనే రైలు పట్టాలు, తెల్లార్లూ ఆరని లైట్లు. నిద్ర లేదు. అయినా అమ్మకు మొత్తం ట్రిప్పులో బాగా నచ్చిన చోటు అదే. సైటులోనే సీవర్ కనెక్షన్ (వాడిన నీళ్ళు నేరుగా వదిలే గొట్టం) ఉండడంతో నీళ్ళు చూసి చూసి వాడే బాధ తప్పింది. పేరుకుపోయిన గిన్నెలన్నీ తోమేసింది, తలంటు పోసుకుంది, లాండ్రీలో రెండు లోడ్ల బట్టలు ఉతికింది. ఇలాంటి చోట మూడు రోజులకోసారి ఆగితే చాలు, రోజూ అక్కర్లేదు.

కాప్రాక్ కాన్యన్స్ మాత్రం వేరే లెక్క. కిటక్వే ఊరి పక్కన ఉంటుంది. 1870ల చివర్లో అడవి దున్నలను జనం తుపాకులతో తుడిచిపెట్టేస్తుంటే, చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల ఆసామి భార్య పోరు పడలేక కొన్ని దూడలను పట్టి పెంచాడు. ఆ మంద సంతతిని 1997లో ఈ పార్కుకు తెచ్చారు. ఇప్పుడవి కంచె లేకుండా క్యాంపుల మధ్యే తిరుగుతాయి. పొద్దున్నే కాఫీకి నీళ్ళు పడదామని తలుపు తీస్తే, మా గుమ్మానికీ కుళాయికీ మధ్య ఒకటి నిలబడి ఉంది. గడ్డం మీద మంచు, ముక్కులోంచి పొగ. 50 గజాల దూరం పాటించాలని రూలు, దానికి ఆ రూలు తెలియదు కదా. తలుపు వేసుకుని ముప్పావుగంట కూర్చున్నాం. నాన్న మాత్రం కిటికీలోంచి చూస్తూ ఇది పాలెన్ని ఇస్తుందని అడిగారు. మా అందరికీ నచ్చిన పార్కు ఇదే. సరుకులూ, బండికి గ్యాసూ (పెట్రోలు) మాత్రం ముందే నింపుకుని వెళ్ళండి.

పాలో డ్యూరో పేరున్న చోటు, అమెరికాలో రెండో పెద్ద లోయ అంటారు. దిగే రోడ్డు నిటారుగా ఉంటుంది, లో గేరులో బ్రేకు మీద ఎక్కువ ఆధారపడకుండా దిగాలి. ఫోటోల్లో కనిపించే లైట్‌హౌస్ అనే రాతి స్తంభం దాకా వెళ్ళిరావడానికి సుమారు ఆరు మైళ్ళ నడక, పెద్దవాళ్ళతో కష్టం. లోయ అడుగున సైట్లలో రాత్రి గాలి తక్కువ. పైన మైదానంలో ఉత్తరపు గాలికి ఊగిన బండిలో పడుకుని వచ్చాం కాబట్టి ఆ తేడా బాగా తెలిసింది.

తిరుగు దారిలో లబ్బక్‌లో ఆగి కూరలు, కరివేపాకు కొన్నాం. అక్కడి టెక్సస్ టెక్ యూనివర్సిటీలో మన పిల్లలు చదువుతున్నారు కాబట్టి ఇండియన్ సరుకులకు అక్కడ లోటు లేదు. అక్కడి నుంచి నైరుతిగా 40 మైళ్ళ దూరంలో బ్రౌన్‌ఫీల్డ్. ఆ ఊరి కోల్‌మన్ పార్కులో ఆర్వీలకు కరెంటు, నీళ్ళు ఇచ్చి కొన్ని రాత్రులు ఉచితంగా ఉండనిస్తారు. అందం అంటూ ఏమీ లేదు, శుభ్రంగా ఉంది, అది చాలు.

చుట్టూ పత్తి చేలు. తీసిన పత్తిని పసుపు, గులాబీ ప్లాస్టిక్ చుట్టి గుండ్రటి బేళ్ళుగా చేను గట్టున వరసగా పెట్టారు, ఒక్కోటి రెండు టన్నుల పైమాటే. పక్క బండిలో ఉన్నాయన జిన్నింగు మిల్లులో సీజను పనికి వచ్చాడట. ఎకరాకు కూలీలు ఎంతమంది అని నాన్న అడిగితే నేను తర్జుమా చేశాను. మనుషులు తీయరు, చెట్టు మీదున్నదంతా మిషను ఊడ్చేస్తుందన్నాడు. “మరి గుల్లలూ పుల్లలూ కలిసి రావూ?” అన్నారు నాన్న. వస్తాయి, మిల్లులో వేరు చేస్తామని ఆయన జవాబు. ఆ తర్వాత నేను అవసరం లేకుండానే ఇద్దరూ చేతులతో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఉచితంగా ఉండనిచ్చినందుకు మేం ఆ ఊళ్ళోనే గ్యాస్ కొట్టించుకుని, పాలూ గుడ్లూ కొన్నాం. చిన్న ఊళ్ళు ఈ సౌకర్యం పెట్టేది దానికోసమే.

జనవరి, ఫిబ్రవరిలో వెళ్ళేవాళ్ళు ముందు పార్కుకు ఫోన్ చేయండి. గడ్డకట్టే చలి వస్తే చాలాచోట్ల సైటు కుళాయిలు కట్టేసి, ఎక్కడో ఒక్క కుళాయి మాత్రం ఉంచుతారు. పగలే ట్యాంకు నింపుకుని రాత్రికి గొట్టం ఊడదీసి లోపల పెట్టుకోవాలి. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ (బడి సెలవుల) జనం మొదలవుతారు, ఇక పాలో డ్యూరోలో వారాంతానికి సైటు కావాలంటే చాలా ముందే బుక్ చేసుకోవాలి.