ఆ టిక్కు తీసేదాకా నా ర్యామ్ నాకు దక్కలేదు

పాత లాప్‌టాప్‌లో ర్యామ్ పెంచుకున్నవాళ్లు ముందు విండోస్ మొదలయ్యే సెట్టింగులుండే ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి ‘మాగ్జిమమ్ మెమరీ’ అనే గడి చూసుకోండి. టిక్కు ఉంటే తీసేయండి. ఆ గడి మీద నాకు కోపం ఇప్పటికీ చల్లారలేదు.

నాది ఐ5-4300ఎం ప్రాసెసర్ ఉన్న సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్. నాలుగేళ్లుగా శ్రీకాకుళంలో పదో తరగతి లెక్కల ట్యూషన్, ఆ పాఠాల వీడియోలు అన్నీ దీనిమీదే. కొన్నప్పుడు 4 జీబీ ర్యామే ఉండేది. ఏదో వీడియోలో స్పీడు పెరుగుతుందన్నారని ఆ గడిలో టిక్కు పెట్టి 4096 దగ్గర, అంటే 4 జీబీ దగ్గర, వదిలేశాను. పెరిగిందనే అనుకున్నాను కూడా! నిజానికి ఆ గడి ఉన్నది హద్దు పెట్టడానికి. టిక్కు లేకపోతే ఉన్న మెమరీ అంతా విండోస్ తనే వాడుకుంటుంది.

రెండేళ్లకు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక షాపులో 8 జీబీ స్టిక్ వేయించాను. ఇంటికొచ్చి చూస్తే మొత్తం 12 జీబీ, వాడుకోగలిగేది 4. టాస్క్ మేనేజర్‌లో ‘హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్’ అని 8 జీబీ పక్కన పెట్టేసి ఉంది. పాడైన స్టిక్ అంటగట్టాడని మర్నాడే వెళ్లి షాపులో గొడవ పెట్టుకున్నాను. ఆ కుర్రాడు పాపం స్లాట్లు మార్చాడు, స్టిక్ అంచును రబ్బరుతో రుద్దాడు, వేరే స్టిక్ పెట్టి చూశాడు. అదే 4. విండోస్ కన్నా ముందే వచ్చే బయాస్ తెరలో మాత్రం 12 కనిపిస్తోంది.

“మాస్టారూ, సెట్టింగులు ఏటైనా కెలికారేటి?” అన్నాడు.

లేదన్నాను. అబద్ధం కాదు, నిజంగానే మర్చిపోయాను. అతను ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి బూట్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నొక్కాడు. నా టిక్కు నిక్షేపంగా అక్కడే ఉంది. తీసి రీస్టార్ట్ చేస్తే ర్యామ్ అంతా వచ్చింది. టీ తాగించాను గానీ అతని ముఖం చూడలేకపోయాను.

ప్రాసెసర్ సెట్టింగ్ మాత్రం నన్ను మోసం చేయలేదు. పవర్ ఆప్షన్స్‌లో ‘మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ 100 నుంచి 99కి దించితే టర్బో, అంటే అవసరమైనప్పుడు ప్రాసెసర్ తన మామూలు వేగాన్ని దాటి పరిగెత్తడం, ఆగిపోతుంది. 3.3 గిగాహెర్ట్జ్ దాకా ఎగబాకేది 2.6 దగ్గర ఉండిపోతుంది. మే నెల మధ్యాహ్నం 90 డిగ్రీలు దాటే ప్రాసెసర్ వేడి 75కి వచ్చింది. రికార్డింగులో ఫ్యాన్ మోత పోయి నా గొంతు వినబడింది. నిరుడు కనిపించిన ప్రతివాళ్లకీ ఇదే చెప్పాను. ఇప్పుడైతే కాస్త తగ్గించి చెబుతాను. 20 నిమిషాల్లో ఎక్స్‌పోర్ట్ అయ్యే వీడియోకు 25 పడుతోంది. పైగా ఈమధ్య దుమ్ము దులిపించి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపడానికి పూసే థర్మల్ పేస్ట్ మార్పించాక 100 మీద పెట్టినా 85 దాటడం లేదు. అంటే సగం తప్పు దుమ్ముదే. వేగం సంగతికొస్తే, ర్యామ్ కన్నా, హార్డ్‌డిస్క్ బదులు వాడే ఎస్ఎస్‌డీ చేసిన మేలే ఎక్కువ.

నేను రాత్రి ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకుంటాను కాబట్టి నాకు 99 చాలు. గేములాడే మా మేనల్లుడు ఒక్క పూటకే విసుక్కుని 100కి మార్చేశాడు. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, 11కి అధికారికంగా ఈ ప్రాసెసర్ పనికిరాదు. అందుకని ఇలాంటిది కొత్తగా కొనమని ఎవరికీ చెప్పలేను. ఇప్పటికే ఉన్నవాళ్లు ర్యామ్ కొంటే 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ రకం అడిగి తీసుకోండి.

నాకూ ఆ 4 జీబీ తీసేసి ఇంకో 8 వేయించాలనే ఉంది. మళ్లీ ఆ షాపుకే వెళ్లాలి, అదే ఆలోచిస్తున్నాను.