మురుగు పైపుల పని చేయించేవారు ముందుగా చూడవలసినది గట్టును

తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటి నుంచి వీధిలో ఉన్న యూజీడీ (భూగర్భ మురుగు పారుదల) మ్యాన్‌హోల్ వరకు గత కార్తీకంలో కొత్త పైపులు వేయించాము. రేణిగుంట రోడ్డు వైపు నుంచి వచ్చే ఒక మేస్త్రీ గారి బృందం ఐదు రోజుల్లో ఆ పని ముగించింది. వారి పనితనం గురించి నేను మొదట చెప్పవలసినది, పైపుల కోసం తవ్విన కాలువ గట్టుకు, అంటే దాని పక్క గోడలకు, వారు బిగించిన చెక్కల సంగతి.

దానికి కారణం ఉంది. ఆరేళ్ల కిందట ఇదే ఇంటికి, రేటు తక్కువని, మరొకరి చేత పని చేయించాను. ఆరడుగుల లోతులో కూర్చుని పైపు అతుకుతున్న ఒక కుర్రవాడి మీదికి ఒక పక్క గట్టు ఒక్కసారిగా జారి, నడుము దాకా కప్పేసింది. నలుగురు చేతులతో మన్ను తీసి అతన్ని బయటికి లాగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ప్రాణం దక్కింది. ఒక ఘనమీటరు మన్ను దాదాపు టన్నున్నర తూగుతుందని, ఛాతీ వరకు కప్పితే తల బయట ఉన్నా ఊపిరి ఆడదని నాకు ఆ తర్వాతే తెలిసింది. తవ్విన మన్నంతా అంచు మీదనే కుప్ప పోస్తుంటే నేను పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్నాను. గట్టును తోసింది ఆ కుప్ప బరువే. ఇంటి యజమానిగా ఆ తప్పులో నాకూ వాటా ఉందనే ఇప్పటికీ అనుకుంటాను.

ఈసారి మ్యాన్‌హోల్ దగ్గర లోతు ఏడడుగులు వచ్చింది. ఐదడుగులు, అంతకు మించి లోతున్న కాలువల గోడలను వాలుగా మెట్లు మెట్లుగా కోయాలని, లేదా చెక్కలతో గట్టిగా ఆపాలని, తవ్విన మన్నును అంచుకు కనీసం ఐదడుగుల దూరంలో లేదా లోతులో సగం దూరంలో, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలని కేంద్ర ప్రజాపనుల శాఖ భద్రతా నియమాలు చెబుతున్నాయి. మా వీధి ఇరుకు కాబట్టి గోడలను వాలుగా కోసే వీలు లేదు. అందువల్ల మేస్త్రీ గారు సెంట్రింగు పలకలను రెండు పక్కలా నిలువుగా దించి, వాటి మధ్య ఇనుప జాకీలు అడ్డంగా బిగించారు. మన్నును వచ్చింది వచ్చినట్టు ట్రాక్టరులో వేసి ఖాళీ స్థలానికి తరలించారు. జేసీబీ దించే ముందు మంచినీళ్ల పైపు, కరెంటు కేబులు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి మూడు చోట్ల గునపంతో నెమ్మదిగా తవ్వి చూశారు. కాలువలో నిచ్చెన ఎప్పుడూ ఉండేది, దాని పై కొస నేల మట్టానికి మూడడుగులు పైకి కనిపించేది.

మూడో రోజు రాత్రి వాన పడింది. 2021 నవంబరు వరదలకు ఈ ఊళ్లోనే ఒక ఇంటి సంపు సిమెంటు ఒరలతో సహా నేల మీదికి లేచిన సంగతి తెలిసినవారికి, ఇక్కడి నేల నీళ్లు తాగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. తెల్లవారి మేస్త్రీ గారు ఒక్కరే వచ్చి, అంచుకు రెండడుగుల ఇవతల కూర్చుని, నేల మీద సన్నగా పారిన ఒక చీలికలో చీపురుపుల్ల దించి చూశారు. పుల్ల జానెడు దిగింది. పక్కనుంచి ఒక మట్టిపెళ్ల తీసి బొటనవేలితో నొక్కితే వేలు గోరు దాకా దిగబడింది. "సార్, ఇది నమ్మే మన్ను కాదు. నీళ్లు తోడేసి, జాకీలు మళ్లా బిగించినాకే దిగేది" అన్నారు. ఆ పూట కూలీ నలుగురికీ ఆయనే ఇచ్చారు, నన్ను అడగలేదు. సగం నేను భరిస్తానంటే మొదట ఒప్పుకోలేదు.

నాకు నచ్చని విషయం మ్యాన్‌హోల్ దగ్గర జరిగింది. లోపలికి ఎవరినీ దించకుండా, కాలువ వైపు నుంచే గోడకు రంధ్రం చేసి పైపు కలిపారు; అంతవరకు మంచిదే. అటూ ఇటూ ఉన్న మ్యాన్‌హోళ్ల మూతలు ఉదయమే తెరిచి, చుట్టూ అడ్డం కట్టి, గాలి ఊదే బ్లోయరు కూడా పెట్టారు. కానీ విషవాయువును కొలిచే గ్యాసు మీటరు లేదు. "వాసన వస్తే పైకి వచ్చేస్తాం" అన్నాడు ఒక పనివాడు. మురుగులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ పాళ్లు పెరిగేకొద్దీ ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది, కాబట్టి వాసన రాకపోవడం గాలి బాగుందనడానికి గుర్తు కాదు. ఈ మాట నేను గట్టిగానే చెప్పి, అద్దెకు మీటరు తెప్పించేవరకు రంధ్రం కొట్టనివ్వలేదు. రెండు గంటలు ఆలస్యమైంది. ఇంత జాగ్రత్త గల బృందం దగ్గర ఆ పరికరం సొంతంగా ఉండి తీరాలి.

పైపుల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. భూమిలో వేసే ముదురు పసుపు యూపీవీసీ పైపులే తెచ్చారు, కింద ఇసుక పరిచారు, వాలు సరిచూసి నీళ్లు పోసి చూపించారు. పూడ్చేటప్పుడు పలకలను ఒక్కసారిగా లాగేయకుండా, మన్ను నిండేకొద్దీ కింది జాకీ నుంచి ఒక్కొక్కటిగా విప్పారు. మిగతా వారి రేటు కంటే నాలుగు వేలు ఎక్కువైంది, అది పలకల అద్దెకు, ట్రాక్టరుకు పోయింది.

రోడ్డు మీద వేసిన అతుకు మాత్రం తర్వాతి వానకు రెండంగుళాలు కుంగింది. ఫోను చేస్తే మూడో రోజున వచ్చి, పైపొర తీసి, మళ్లీ దిమ్మిస కొట్టి సరిచేశారు.