పదకొండేళ్ల అల్లుడు: ఇంగ్లండ్ పాత జనగణన రికార్డులతో ఆరేళ్లు

తద్దినానికి మూడు తరాల పేర్లు చెప్పుకుని సరిపెట్టుకునే ఇల్లు మాది. మా ఆయనది బ్రాడ్‌ఫర్డ్, ఉన్ని మిల్లుల ఊరు. అత్తగారు తమ పాతవాళ్లెవరో కనుక్కోమంటే సరదాగా మొదలుపెట్టి, ఆరేళ్లుగా విక్టోరియా కాలపు జనగణన పేజీలు తిరగేస్తున్నాను.

1841 నుంచి 1901 దాకా పదేళ్లకోటి చొప్పున ఏడు ఉన్నాయి. 1841ది నాకు పెద్దగా పనికిరాలేదు. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసు ఐదో ఎక్కానికి దించి రాయమన్నారు, 39 ఏళ్ల మనిషి 35 అయిపోతాడు. ఎవరికెవరు ఏమవుతారో లేదు. వరస, పెళ్లి, పని, పుట్టిన ఊరు అన్నీ ఉండేది 1851 నుంచే.

ఆ వరస దగ్గరే బోల్తా పడ్డాను. 1861లో ఒక ఇంట్లో పదకొండేళ్ల కుర్రాడికి 'సన్-ఇన్-లా' అని రాసుంది. మన ముత్తవ్వల కాలమైతే నమ్మేదాన్నేమో గానీ, పక్క గడిలో పెళ్లి కాలేదని ఉందే! నెల రోజులు బుర్ర గోక్కున్నాక తెలిసింది, భార్య మొదటి పెళ్లి కొడుకునీ అప్పట్లో అలాగే అనేవారట. పిల్లాడి ఇంటిపేరు పట్టుకుని 1851కి వెళ్తే ఆవిడ మొదటి కాపురం, ఏడాది బిడ్డతో సహా దొరికింది.

పాత పేజీలు చూసి ఎవరో టైపు చేసిపెట్టిన పేర్ల జాబితాను, అంటే ఇండెక్స్‌ను, గుడ్డిగా నమ్మకండి. నేను డబ్బు కట్టిన సైట్‌లో మూడేళ్ల పాప ఎనిమిదేళ్లదైంది. పేజీ ఫొటో పెద్దది చేస్తే, లెక్కలు కట్టిన గుమస్తా అంకె మీదే గీత కొట్టేశాడు. పైగా ఇవి ఇంటివాళ్లు నింపిన కాగితాలు కావు, ఎన్యూమరేటర్ (ఇంటింటికీ తిరిగి లెక్క తీసుకునే మనిషి) తన పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నవి. ఇల్లు అయిపోతే రెండు ఏటవాలు గీతలు, అదే ఇంట్లో ఇంకో కాపురమైతే ఒకటి. అది చూసుకోక పక్క వాటావాళ్లను చుట్టాల్లో కలిపేశాను. ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో 1881ది ఉచితం, కొత్తవాళ్లు అక్కడ మొదలుపెడితే మేలు.

అన్నిటికంటే విసుగు, ఇది ఒక్క రాత్రి లెక్క కావడం. 1871 ఏప్రిల్ 2 రాత్రి మా 'అల్లుడు' ఎక్కడ పడుకున్నాడో ఇప్పటికీ దొరకలేదు. 1881లో పెళ్లాం పిల్లలతో ప్రత్యక్షం. జైల్లో ఉండుంటాడని అత్తగారి అనుమానం. కొన్ని జైళ్లలో పేర్లకు బదులు పొడి అక్షరాలే రాశారు కాబట్టి కాదని వాదించలేకపోతున్నాను.