యువాన్, మింగ్: ఎవరి సైనిక వారసత్వం మేలు?

చైనాను ఒకదాని వెంట ఒకటి ఏలిన యువాన్, మింగ్ వంశాలను సైనికంగా పోల్చి చూడడం ఆసక్తికరమైన పని. 1271లో కుబ్లాయ్ ఖాన్ ప్రకటించిన యువాన్ మంగోలుల ప్రభుత్వం. 1368లో దానిని నేటి బీజింగ్ నుంచి ఉత్తరపు గడ్డి మైదానాలకు తరిమి గద్దెనెక్కిన మింగ్ హాన్ చైనీయుల ప్రభుత్వం. సైనిక శక్తి ప్రస్తావన వస్తే మంగోలులదే పైచేయి అని సాధారణంగా అంటారు, గెలుచుకున్న నేల విస్తీర్ణమే కొలమానమైతే ఆ మాటకు తిరుగు లేదు. కానీ వారసత్వం అన్నప్పుడు, ఆ వంశం పోయాక తరువాతి తరాలవారి చేతికి ఏం మిగిలిందన్నది చూడాలి. ఆ లెక్కన మింగ్‌దే మేలని నా అభిప్రాయం. అయితే మింగ్ సైన్యపు పునాదులలో చాలా భాగం యువాన్ వేసినవేనన్న సంగతిని విస్మరించి ఈ మాట అనడం న్యాయం కాదు.

ముందుగా యువాన్ గొప్పతనం ఎక్కడుందో చూద్దాం. అది గుర్రాల మీద కంటే ఎక్కువగా ఇతరుల విద్యను తనదిగా చేసుకోవడంలో ఉంది. దక్షిణాన సోంగ్ రాజ్యాన్ని నదులు, వరిమళ్లు, ఎత్తయిన కోటగోడలు కాపాడుతుండేవి, అక్కడ ఆశ్వికదళం ఒక్కటే వెళ్లి చేయగలిగింది తక్కువ. హాన్ నదికి చెరోవైపున ఉన్న షియాంగ్‌యాంగ్, ఫాన్‌చెంగ్ జంట కోటలను 1268లో ముట్టడించిన మంగోలులు వాటిని లొంగదీయడానికి 1273 వరకు ఆగవలసి వచ్చింది. సోంగ్ పక్షం నుంచి ఫిరాయించిన లియూ ఝెంగ్ అనే సేనాని వారికి నౌకాదళాన్ని తయారు చేసి ఇచ్చాడు. పర్షియా నుంచి రప్పించిన ఇస్మాయిల్, అలావుద్దీన్ అనే నిపుణులు బరువు సాయంతో రాళ్లు రువ్వే భారీ యంత్రాలను నిర్మించారు. ఆ యంత్రం విసిరిన సుమారు 90 కిలోల రాయి భూమిలోకి ఏడడుగుల లోతున దిగబడిందని యువాన్ అధికారిక చరిత్ర నమోదు చేసింది. ఫాన్‌చెంగ్ పడిపోయి, ఆ రాళ్లు తన బురుజుల మీద కూడా పడడం మొదలయ్యాక షియాంగ్‌యాంగ్ కోట అధిపతి లూ వెన్‌హువాన్ లొంగిపోయాడు. ఆ తరువాత 1276లో సోంగ్ రాజధాని, 1279లో యామెన్ సముద్ర యుద్ధంతో సోంగ్ వంశమూ అంతరించాయి. మూడు శతాబ్దాలకు పైగా నిలిచిన సోంగ్‌ను దాని మాజీ సేనానులతో, దాని ఓడలతో, పశ్చిమాసియా యంత్రాలతో జయించిన ఈ ఘట్టం ప్రపంచ యుద్ధచరిత్రలోనే అరుదైనది.

అదే యువాన్ సముద్రం దాటినప్పుడు మాత్రం ఎదురుదెబ్బలే తిన్నది. 1274, 1281 సంవత్సరాలలో జపాన్ మీదికి పంపిన నౌకాదళాలు విఫలమయ్యాయి, రెండవ దండయాత్ర తుపానులో ఘోరంగా ముగిసింది. 1288లో వియత్నాం సేనాని ట్రాన్ హుంగ్ దావో, బాక్ డాంగ్ నది అడుగున వాడి మొనల కొయ్యలు పాతించి, ఆటుకు నీరు తగ్గే వేళకు యువాన్ ఓడలు వాటి మీద చిక్కుకునేలా చేశాడు. 1293లో జావాకు వెళ్లిన సేనను రాదెన్ విజయ తన శత్రువుల మీదికి వాడుకుని, పని ముగిశాక తరిమివేశాడు. బర్మా సరిహద్దున 1277లో మాత్రం గెలుపు దక్కింది. మన కాకతీయుల రేవు మోటుపల్లి గురించి రాసిన మార్కో పోలోయే ఆ యుద్ధాన్నీ వర్ణించాడు: ఏనుగులను చూసి గుర్రాలు బెదిరితే, మంగోలులు వాటిని అడవిలో కట్టివేసి నేల మీద నిలబడి బాణాలు వేశారట. పరిస్థితికి తగినట్టు క్షణంలో పద్ధతి మార్చుకోగల ఆ నేర్పు ఆ సేనకు మొదటి తరంలో ఉండేది.

తరువాతి తరాలకు అది అందలేదు. సైనిక వృత్తిని వంశపారంపర్యం చేసి, కొన్ని కుటుంబాలను సైనిక కుటుంబాలుగా నమోదు చేసిన ఏర్పాటు కాలక్రమంలో ఆ కుటుంబాలను పేదరికంలోకి నెట్టింది. 1351లో ఎర్ర తలపాగాల తిరుగుబాటు రగిలే నాటికి, యువాన్ ప్రభుత్వం తన సొంత దళాలను నమ్మలేక, ప్రాంతీయంగా సేనలు కూడగట్టుకున్న చాఘాన్ తెమూర్ వంటి నాయకుల మీద ఆధారపడవలసి వచ్చింది.

ఆ తిరుగుబాటు నుంచే పైకి వచ్చిన జూ యువాన్‌ఝాంగ్ మింగ్ వంశాన్ని స్థాపించాడు. మంగోలులను తరిమినవాడు మంగోలుల సైనిక వ్యవస్థను తీసి అవతల పారేయలేదు. వంశపారంపర్య సైనిక కుటుంబాలు, సైనికులే సాగు చేసుకునే భూములు, వేయిమందికి, నూరుమందికి అధిపతులనే పదవులు అన్నీ అలాగే కొనసాగాయి. ఒక రక్షక దళంలో 5,600 మంది, దాని కింద 1,120 మందితో ఒక్కొక్క విభాగం, ఆ విభాగంలో 112 మందితో చిన్న దళాలు ఉండేవి. చేతి ఫిరంగి కూడా యువాన్ కాలం నుంచి వచ్చినదే. ఈశాన్య చైనాలో దొరికిన, 1288 నాటిదిగా భావించే కంచు ఫిరంగి పొడవు 34 సెంటీమీటర్లు, బరువు మూడున్నర కిలోలు మాత్రమే. యువాన్ దాన్ని ఉపయోగించింది, మింగ్ దాని చుట్టూ ఒక సంస్థనే నిర్మించింది. మింగ్ మూడవ చక్రవర్తి యోంగ్‌లె కాలంలో తుపాకులు, ఫిరంగుల కోసమే రాజధానిలో ఒక ప్రత్యేక దళం ఏర్పడింది. వియత్నాం మీద మింగ్ చేసిన యుద్ధంలో పట్టుబడిన అక్కడి హో వంశపు రాకుమారుడిని ఆయుధాల తయారీ పర్యవేక్షణకు నియమించడం చూస్తే, ఓడినవారి నుంచి నేర్చుకునే గుణం మింగ్‌కూ ఉండేదని తెలుస్తుంది.

మింగ్ బలహీనతలను దాచనవసరం లేదు. 1449లో యువ చక్రవర్తి, నపుంసక మంత్రి వాంగ్ ఝెన్ మాట విని తానే సేనను నడిపించుకుంటూ వెళ్లి తూము అనే చోట, ఎసెన్ నాయకత్వంలోని ఓయిరాత్ మంగోలులకు బందీగా చిక్కాడు. నీరు లేని చోట విడిది చేసిన సేన బావులు తవ్వినా నీరు పడలేదు, దగ్గరలోని నదిని శత్రువు ఆక్రమించాడు. దాహంతో వరుసలు చెదిరిన సైన్యాన్ని ఓడించడం ఎసెన్‌కు కష్టం కాలేదు. అయినా బీజింగ్‌లో మంత్రి యూ చియాన్ వెంటనే కొత్త చక్రవర్తిని నిలబెట్టి, ఫిరంగులతో నగరాన్ని కాపాడి, బందీని అడ్డం పెట్టుకుని బేరమాడే అవకాశం ఎసెన్‌కు లేకుండా చేశాడు. చక్రవర్తి పట్టుబడినా రాజ్యం పట్టుబడలేదు, ఆ ఓటమి తరువాత మింగ్ మరో దాదాపు రెండు వందల ఏళ్లు బతికింది.

నా దృష్టిలో మింగ్ వారసత్వానికి అసలు ప్రతినిధి చీ జీగువాంగ్ అనే సేనాని. పదహారవ శతాబ్దం మధ్యలో తూర్పు తీరాన్ని సముద్రపు దొంగలు దోచుకుంటుంటే, పాత రక్షక దళాల సైనికులు పారిపోవడం చూసి ఆయన 1559లో ఝెజియాంగ్‌లోని యీవూ ప్రాంతపు రైతులనూ గని పనివారినీ చేర్చుకుని కొత్త సేనను తయారు చేశాడు. ఆయన దళంలో పన్నెండు మంది ఉండేవారు: నాయకుడు, ఇద్దరు డాలు పట్టేవారు, కొమ్మలతో సహా పొడవాటి వెదురు పట్టుకుని శత్రువు కత్తిని అడ్డగించే ఇద్దరు, నలుగురు బల్లెం వీరులు, ఇద్దరు త్రిశూలధారులు, ఒక వంటవాడు. ఏ ఒక్కడూ మహావీరుడు కానక్కరలేదు, తన చోటు తెలిస్తే చాలు. ఆ దొంగల చేతిలోని పదునైన జపాన్ కత్తికి చవకైన వెదురుతో జవాబు చెప్పిన ఈ ఆలోచన నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. ఆయన శిక్షణ పద్ధతిని గ్రంథంగా రాసిపెట్టాడు గనుక అది ఆయనతో పోలేదు. జపాన్ దండయాత్రను ఎదుర్కొంటున్న కొరియా 1593లో కొత్త శిక్షణ సంస్థను నెలకొల్పినప్పుడు ఆ గ్రంథాన్నే ఆధారం చేసుకుంది. ఉత్తరానికి బదిలీ అయ్యాక ఆయన చైనా మహాకుడ్యం పొడుగునా వెయ్యికి పైబడి కావలి బురుజులు కట్టించాడు. నేడు యాత్రికులు చూసే మహాకుడ్యంలో అధికభాగం మింగ్ కట్టినదే. యువాన్‌కు ఆ గోడతో పనే లేదు, గోడకు అటూ ఇటూ దాని రాజ్యమే.

యువాన్‌దే పైచేయిగా ఉన్న రంగం ఒకటి ఉంది, అది సరిహద్దులు. 1253లో దాలీ రాజ్యాన్ని మంగోలులు గెలవడం వల్లనే నైరుతి మూలనున్న యున్నాన్ చైనా సామ్రాజ్యంలోకి వచ్చింది. 1380లలో మింగ్ దాన్ని అక్కడ మిగిలిన యువాన్ రాకుమారుడి చేతి నుంచి తీసుకుని నిలుపుకుంది. ఆరు నూర్ల ఏళ్లకు పైగా చెరగని ఈ గీతను గీసిన ఘనత మంగోలులదే.

మింగ్‌ను పడగొట్టిన ఈశాన్య ప్రాంతపు మంచూలు ఎవరి నుంచి ఏం తీసుకున్నారో చూస్తే తూకం ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది. జెండాల వారీగా ఏర్పడిన వారి పతాక దళాలలో మంగోలులకు ప్రత్యేక పతాకాలుండేవి. 1619లో సార్హూ వద్ద విడివిడిగా వచ్చిన మింగ్ దళాలను మంచూల నాయకుడు నూర్హాచి ఒక్కొక్కటిగా ఓడించింది ఆశ్వికదళ వేగంతోనే. అయితే కోటలు పట్టడానికి ఆ వేగం చాలకపోతే, 1633లో మింగ్ సేనాని కోంగ్ యూదె తన ఫిరంగులతో, గోలందాజులతో సహా వచ్చి చేరాకే వారి ఫిరంగి బలం స్థిరపడింది. 1644 తరువాత లొంగిన మింగ్ దళాలతో ఏర్పడిన ఆకుపచ్చ పతాక సైన్యం సంఖ్యలో మంచూ దళాలను మించి, పంతొమ్మిదవ శతాబ్దం దాకా చైనాలోని జిల్లాలను కాపలా కాసింది.