గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూకి ముంబై ప్రయాణం: మెడికల్ ఎక్కడ, బస ఎక్కడ, కాగితాల్లో చిక్కెక్కడ

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో అంత పెద్ద అమెరికా కాన్సులేట్ ఉన్నా గ్రీన్‌కార్డుకు దారితీసే ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూలు అక్కడ జరగవు. పిల్లలు పిలిపించుకునే తల్లిదండ్రుల ఐఆర్‌5 అయినా, కొత్తగా పెళ్లయినవాళ్ల సీఆర్‌1 అయినా, దాదాపు ఇరవై ఏళ్లు ఎదురుచూసిన తోబుట్టువుల ఎఫ్‌4 అయినా ముంబైలోని బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌కి, అదే బీకేసీకి, వెళ్లాల్సిందే. కౌంటర్ దగ్గర ఆఫీసరుతో మాట్లాడేది చాలామందికి కొన్ని నిమిషాలే. పని చెడితే అంతకు ముందు వారాల్లోనే చెడుతుంది. అందుకే రైలు టికెట్ కంటే ముందు మెడికల్ సంగతి తేల్చుకోండి.

కాన్సులేట్ ఆమోదించిన ప్యానెల్ డాక్టర్ దగ్గర చేయించుకున్న పరీక్షే చెల్లుతుంది. అది హైదరాబాద్‌లోనూ అవుతుంది, ముంబైలోనూ అవుతుంది. పెద్దవాళ్లకు హైదరాబాదే మేలు. మళ్లీ రమ్మన్నా ఇంటి నుంచి పోయి రావచ్చు, పాత ఎక్స్‌రేలు, బీపీ షుగర్ చీటీలు చేతిలో ఉంటాయి. 15 ఏళ్లు దాటినవాళ్లకు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, 2 నుంచి 14 ఏళ్ల పిల్లలకు టీబీ కోసం రక్తపరీక్ష చేస్తారు. ఎప్పుడో మందులు వాడి తగ్గిపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా మూడు రోజులు వరసగా కఫం ఇవ్వాలి. దాని కల్చర్ రిపోర్టుకు 8 వారాలు పడుతుంది. ఒకప్పుడు టీబీ కోర్సు వాడినవాళ్లు ఇంటర్వ్యూ లెటర్ వచ్చిన వారంలోనే మెడికల్‌కి వెళ్లాలి. అలాంటి చరిత్ర లేనివాళ్లు మరీ తొందరపడక్కర్లేదు. మెడికల్ గడువు మామూలుగా ఆరు నెలలు, వీసా గడువు దాన్ని దాటదు. పొలం కౌలుకిచ్చి, ఇల్లు సర్దుకుని బయల్దేరేవాళ్లకు ఆ నెలలు విలువైనవి. మెడికల్ రిపోర్టును సీల్ చేసిన కవరులో చేతికిస్తే మాత్రం తెరవకండి.

ఇక కాగితాలు. మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పక్కన ‘వెంకట సుబ్బమ్మ’. కొడుకు బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు ‘సుబ్బాయమ్మ’. అతని టెన్త్ మెమోలో పొడి అక్షరంతో ఇంకోలా. మూడూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ ముందే రాయించుకోవాలి. పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్‌లలో ఏదో ఒకటి ఖాళీగా ఉంటే వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, పేరు తెలియదు) అని పడి, అమెరికాలో లైసెన్సు దాకా వెంటాడుతుంది. ఆన్‌లైన్ వీసా దరఖాస్తు డీఎస్‌-260 నింపకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోవడం మంచిది.

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది, 1970 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పల్లెల్లో పుట్టిన పెద్దవాళ్లలో చాలామందికి బర్త్ సర్టిఫికెటే ఉండదు. పుట్టిన ఊరి పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి ‘రికార్డు లేదు’ అని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, దానికి తోడు దగ్గరి బంధువుల అఫిడవిట్లు రెండు ఇవ్వాలి. అందులో పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, రాసేవాళ్లకు ఆ విషయం ఎలా తెలుసో ఉండాలి. 1952లో పుట్టినావిడ గురించి 1958లో పుట్టిన తమ్ముడు రాస్తే బలం తక్కువ. వయసులో పెద్దవాళ్లను వెతకండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, కింద అనువాదకుడి సంతకంతో ధ్రువీకరణ తప్పనిసరి.

పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా కేంద్రం నుంచి తేవాలి. పదహారేళ్లు నిండాక ఏ దేశంలోనైనా ఏడాది, అంతకు మించి ఉన్నవాళ్లకు అక్కడిది కూడా కావాలి. కువైట్, దుబాయ్, సౌదీలలో పనిచేసి వచ్చిన కడప, నిజామాబాద్, కరీంనగర్ వాళ్లు ఇది ముందే మొదలుపెట్టాలి.

తల్లిదండ్రులిద్దరినీ పిలిపిస్తుంటే రెండూ వేరువేరు కేసులే. రెండింటికీ విడిగా సంతకం చేసిన ఐ-864, అంటే పిలిపించేవాళ్లు ఇచ్చే ఆర్థిక హామీ పత్రం, ఉండాలి. పిలిపించేవాళ్ల ఆదాయం అమెరికా పేదరిక రేఖకు కనీసం 125 శాతం ఉండాలి. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లో తల్లిదండ్రులను కలిపి ఆరుగురికి సరిపడా ఆదాయం చూపిస్తే మేలు.

ముంబైకి విమానంలో గంటన్నర. టీ2 టెర్మినల్ నుంచి బీకేసీకి మెట్రో 3 నేరుగా ఉంది. హుస్సేన్‌సాగర్, దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లలో వస్తే సీఎస్‌ఎంటీలో (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) దిగి అదే మెట్రో పట్టుకోవచ్చు. విశాఖ నుంచి ఎల్‌టీటీ ఎక్స్‌ప్రెస్‌లో కుర్లాలో దిగేవాళ్లకు బీకేసీ ఇంకా దగ్గర. రైలైనా విమానమైనా ఒకరోజు ముందే చేరుకోండి. వానాకాలంలో కుర్లా, మిఠీ నది చుట్టుపక్కల నీళ్లు నిలుస్తాయి, ఆ నెలల్లో అదే రోజు దిగి వెళ్దామనుకోకూడదు.

బీకేసీ లోపలివి పెద్ద హోటళ్లు, ఖర్చు గట్టిగానే ఉంటుంది. పెద్దవాళ్లతో వెళ్తే కలీనా, శాంతాక్రజ్ ఈస్ట్ వైపు మధ్యతరగతి హోటలే సరైనది, ఆటోలో చేరిపోవచ్చు. కుర్లా వెస్ట్ లాడ్జీలు చవక, కానీ ఇరుకు, రద్దీ. మాటుంగాలో ఇడ్లీ, దోసె, అన్నం బాగా దొరుకుతాయి. ఇబ్బందల్లా ఆటోలు అక్కడికి రావు, టాక్సీయే దిక్కు. నాలుగు రోజులుండే పనైతే మాటుంగా, ఒక్క రాత్రికైతే కలీనా.

ఇంటర్వ్యూకి ముందే అపాయింట్‌మెంట్ పోర్టల్‌లో నమోదు చేసుకుని, వీసా వేశాక పాస్‌పోర్టు అందుకునే చోటు హైదరాబాద్ అని ఎంచుకోండి. ఇది మర్చిపోతే మళ్లీ తిప్పలు. వేలిముద్రల కేంద్రానికి వెళ్లమని మీ సూచనల్లో ఉంటే అదీ ముందే పూర్తికావాలి.

ఆ రోజు ఫోన్, స్మార్ట్ వాచ్, పవర్ బ్యాంక్ ఏవీ లోపలికి రానివ్వరు, కాన్సులేట్‌లో భద్రపరిచే చోటు లేదు. హోటల్లో వదిలేయండి. ఫోన్ లేకుండా బయటికి వచ్చాక ఎక్కడ కలవాలో ముందే అనుకుని, తోడు వచ్చినవాళ్ల నంబరు కాగితం మీద రాసి పెద్దవాళ్ల జేబులో పెట్టండి. ఒరిజినల్స్, జిరాక్సులు, 2 అంగుళాల చదరపు ఫొటోలు రెండు, అన్నీ ఒక పారదర్శక ఫోల్డర్‌లో సర్దుకోండి. కళ్లద్దాలతో దిగిన ఫొటోలు పనికిరావు.

లోపల ముందు ఒక కౌంటర్‌లో కాగితాలు చూస్తారు. ఇంగ్లీషు రాకపోతే అక్కడే చెప్పండి. తర్వాత ఆఫీసరు కుడిచెయ్యి ఎత్తించి ప్రమాణం చేయిస్తారు. మీకు ఎవరు పిటిషన్ వేశారు, ఏం పని చేస్తారు, పిల్లలెంతమంది, ఇంతకు ముందు అమెరికా వెళ్లి ఎన్నాళ్లున్నారు అని అడుగుతారు. అడిగినదానికే సూటిగా జవాబివ్వండి.

ఏదైనా తక్కువైతే, అది తెచ్చేదాకా వీసా ఆపామని 221(జీ) చీటీ ఇస్తారు. ఆన్‌లైన్‌లో ‘రెఫ్యూజ్డ్’ అని కనిపించినా కేసు ముగిసినట్టు కాదు. అడిగిన కాగితం ఏడాదిలోపు అందించకపోతే మాత్రం మొదటికొస్తుంది.

పాస్‌పోర్టు చేతికి రాగానే పేరు, పుట్టిన తేదీ, వీసా రకం సరిచూసుకోండి. వీసా మీద ‘ఐవీ డాక్స్ ఇన్ సీఈఏసీ’ (కాగితాలు అమెరికా వీసా ఆన్‌లైన్ వ్యవస్థలో ఉన్నాయని) అని ఉంటే సీల్డ్ కవరు ఇవ్వలేదని కంగారు పడొద్దు, ఫైలు ఆన్‌లైన్‌లోనే ఉంది. గ్రీన్‌కార్డు పంపే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు 235 డాలర్ల ఫీజు బయల్దేరే ముందు కట్టేస్తే కార్డు ఆలస్యం కాదు. సీఆర్‌1 వాళ్లు అక్కడ దిగేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండితే ఇమిగ్రేషన్ కౌంటర్‌లో ఆ మాట చెప్పి ఐఆర్‌1గా (పెళ్లయి రెండేళ్లు దాటిన భార్యాభర్తల రకం) మార్చమని అడగాలి. అప్పుడు రెండేళ్ల కార్డుకు బదులు పదేళ్లది వస్తుంది.