కర్నూలు వాసులకు జాగ్రత్త: ‘రక్తనాళాల స్కానింగు’ పేరుతో చూర్ణం అంటగడుతున్నారు

సీ క్యాంపు దగ్గర ఒక కల్యాణ మండపంలో, షుగరు ఉన్నవారికి రక్తనాళాల పరీక్ష ఉచితమని శిబిరం పెట్టారు. మా మేనమామ వెళ్లారు. లోహపు కడ్డీ ఒకటి చేతికిచ్చి పట్టుకోమన్నారట. నిమిషం తిరగకుండా దస్తా కాగితాలు అచ్చయి వచ్చాయి: గుండె నాళాల సాగే గుణం, మెదడుకు రక్త సరఫరా, పేరుకున్న కొవ్వు, అన్నీ ఎర్ర గీతలే. సూది గుచ్చలేదు, బీపీ పట్టీ చుట్టలేదు. కడ్డీకి మాత్రం ఒళ్లంతా తెలిసిపోయింది! పక్క బల్ల మీదే మందు. మూడు నెలల చూర్ణం 8,400 రూపాయలు.

డబ్బు పోతే పోయింది. ‘నాళాలు శుభ్రపడ్డాక ఇంగ్లీషు మందులెందుకండీ’ అన్నారని ఆయన బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర మానేశారు. నాకు మండింది అక్కడే. షుగరు రోగుల నాళాలను దెబ్బతీసేది చక్కెర ఒక్కటే కాదు. బీపీ, చెడు కొలెస్ట్రాల్, పొగాకు కూడా. బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం 1998లోనే చెప్పింది, బీపీని గట్టిగా అదుపులో ఉంచిన షుగరు రోగుల్లో పక్షవాతం, కంటి నష్టం తగ్గాయని. మామయ్యను డాక్టరుకు చూపిస్తే పై బీపీ 170 దాటి ఉంది. డాక్టరు పాత మాత్రలు మళ్లీ మొదలుపెట్టించారు.

చూర్ణం వాడినన్నాళ్లూ మామయ్యకు తెల్లవారుజామున చెమటలు, వణుకు. షుగరు మరీ పడిపోయినప్పుడు ఇలా అవుతుంది. మూలికా పొడులలో గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగరు మందు రహస్యంగా కలిపి అమ్మిన ఉదంతాలు ప్రయోగశాలల్లో బయటపడ్డాయి. ఈ డబ్బాలోనూ అదే ఉందని పరీక్ష చేయించకుండా అనను. కానీ దాని మీద లైసెన్సు నంబరు లేదు, బ్యాచి నంబరు లేదు. రశీదులో చిరునామా లేదు. ‘సీలు తీశారు, వాపసు కుదరదు’ అన్నవారు ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు.

నాళాల సంగతి నిజంగా తెలియాలంటే మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్ (ఈ రెండూ కిడ్నీల సంగతి చెబుతాయి), కొలెస్ట్రాల్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు) చూడాలి. కంట్లో చుక్కలు వేసి రెటీనా, అంటే కంటి వెనక పొర, చూడాలి. నైలాన్ పోగుతో పాదాల స్పర్శ, వేళ్లతో పాదంలో నాడి చూస్తారు; దానికి యంత్రం కూడా అక్కర్లేదు. బీపీ, షుగరు మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు.

మధుమేహం నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. వీళ్ల కరపత్రంలో ఆ మాట పెద్ద అక్షరాల్లో ఉంది. తర్వాతి శిబిరం ఆదోనిలోనట. జిల్లా ఔషధ నియంత్రణ అధికారికీ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కీ ఫిర్యాదు చేస్తున్నాను. మీరూ కొని ఉంటే డబ్బా, రశీదు, కరపత్రం పారేయకండి.